గీతలు చెరిగిన స్కేలు

మా అత్తయ్య అసలు పేరు ఇంట్లోవాళ్ళకే తెలుసు. బయట అందరికీ ఆమె కట్ల సిస్టర్. మా నాన్నకి అక్క. మా వీధి మలుపులో ఉన్న చిన్న నర్సింగ్ హోములో కట్లు కట్టే గది ఆమె రాజ్యం. ఆ గదిలోకి డాక్టరుగారు కూడా చెప్పులు బయట విడిచి, ఆమె ఖాళీగా ఉందో లేదో కనుక్కుని వస్తాడు. ఎంత కుళ్ళిన పుండు చూసినా మొహం చిట్లించదు. రోగితో ఏదో ఒక ఊసు మొదలుపెడుతుంది, పక్కింటివాళ్ళ కుక్క గురించో, పెరిగిపోయిన వాళ్ళ గోళ్ళ గురించో. ఆ మాటల్లో పడి వాళ్ళు నవ్వుతుండగానే పాత కట్టు ఊడి బుట్టలో పడుతుంది. "అయిపోయిందా?" అని వాళ్ళు ఆశ్చర్యపోతే, "ఇంకా మొదలే పెట్టలేదు, కదలకుండా కూచో" అని దబాయిస్తుంది.

ఇంత గడుసు మనిషికి మా ఇంటి ఫోటోల్లో మాత్రం మొహం లేదు. పెళ్ళి ఫోటోలో తల వంచుకుని ఉంటుంది. చూసినవాళ్ళు ఎంత సిగ్గరి అని మెచ్చుకునేవాళ్ళట. మిగతా ఫోటోల్లో ఎవరి వెనకో ఉంటుంది, లేదంటే ఎవరి పిల్లనో ఎత్తుకుని ఆ పిల్లని తన మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. ఆ అడ్డం పెట్టిన పిల్లల్లో నేనూ ఉన్నాను. చిన్నప్పుడు వచ్చిన స్ఫోటకం ఆమె బుగ్గల నిండా, నుదుటి నిండా గుంటలు మిగిల్చిపోయింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మాట్లాడకూడని సంగతులు మాట్లాడకుండా ఉండటంలో మా ఇంట్లో అందరం ఘనులమే. మావయ్య పోయినప్పుడు పెళ్ళిది కాకుండా ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో కోసం ఇల్లంతా వెతికారు. దొరికిన ఒక్క ఫోటోలోనూ మావయ్య నవ్వుతున్నాడు, పక్కన ఒక చీర ఉంది.

అలాంటి అత్తయ్య కొత్త ఫోను కొనుక్కుంది. పాతది మందునీళ్ళ బకెట్లో పడి, శుభ్రంగా, క్రిములేవీ లేకుండా చచ్చిపోయింది. ఫోను లేకపోతే ఆమె పని జరగదు. మంచం దిగలేని రోగుల ఇళ్ళకి వెళ్ళి కట్లు మార్చడం కూడా ఆమె పనే. పుండుని ఫోటో తీసి పంపితే, డాక్టరుగారు ఆపరేషనుకీ ఆపరేషనుకీ మధ్య చూసుకుని, మందు మార్చాలో అదే ఉంచాలో చెబుతాడు. వయసులో చిన్నవాడే గానీ మంచి డాక్టరు. ఇంటింటికీ తిరిగే తీరిక ఆయనకి లేదు, మెట్లెక్కే ఓపిక అత్తయ్యకి ఉంది. అలా ఇద్దరికీ కుదిరింది.

ఆ రోజుల్లో ఆమె చూస్తున్న రోగుల్లో ముఖ్యమైన మనిషి కుట్టు టీచరు. లిఫ్టు లేని భవనంలో పై అంతస్తు ఆమెది. చుట్టుపక్కల ఆడపిల్లల్లో సగం మందికి కుట్టుపని నేర్పింది. నాకూ నేర్పబోయింది గానీ, నేను కత్తెర పట్టుకున్న తీరు చూసి తనే మానుకుంది. ముక్కు పక్కన శనగగింజంత పులిపిరి, దానికంటే పదునైన నోరు. షుగరు ఉంది. కుడికాలి బొటనవేలి కింద, మిషను తొక్కేచోట పుండు పడింది. మోటారు పెట్టించుకోమని అందరూ చెప్పారు. "మోటారు పెడితే గుడ్డ దాని ఇష్టానికి పోతుంది, కాలితో తొక్కితే నా ఇష్టానికి వస్తుంది" అని ఒక్కరి మాటా వినలేదు. డాక్టరుగారు అత్తయ్యని పక్కకి పిలిచి ఖచ్చితంగా చెప్పాడు. ఈ వేలు దక్కుతుంది, కానీ కనిపెట్టుకుని ఉండాలి, అంచున ఏమాత్రం నలుపు తిరిగినా ఆ పూటే నాకు తెలియాలి అన్నాడు. అత్తయ్య ఆ వేలిని తన సొంత ఆస్తిలాగా చూసుకునేది.

కట్టు విప్పడం, కడగడం, పుండు పక్కన చిన్న కాగితపు స్కేలు పెట్టడం, ఫోటో తీయడం. పుండు తగ్గిందో పెరిగిందో ఆ స్కేలు గీతల్ని బట్టే తెలుస్తుంది. కొత్త ఫోనుతో ఫోటోలు వెళ్ళడం మొదలయ్యాక ఒకరోజు డాక్టరుగారు ఫోను చేశాడు.

"సిస్టర్, స్కేలు మీద గీతలేవి?"

"పెట్టానండీ, స్కేలు పెట్టే తీశాను."

"స్కేలుంది. గీతలే లేవు. తెల్ల రిబ్బను ముక్కలాగా ఉంది. వేలు కూడా మైనం పూసినట్టుంది. ఫోను ఎవరికైనా చూపించండి."

మా చుట్టాల్లో ఫోనుల డాక్టర్ని నేనే. ఆఫీసులో కంప్యూటర్లు మొరాయిస్తే నన్ను పిలుస్తారు, ఇంటికొస్తే చుట్టాల ఫోనులు మొరాయిస్తాయి. దానివల్ల నాకు ఓపిక బొత్తిగా తక్కువ. అత్తయ్య కబురు పెడితే వెళ్ళి చెయ్యి చాపాను. ఆమె ఫోనుని గుండెకి ఆనించి పట్టుకుంది.

"నువ్వు చెప్పవే, నేను చేస్తా."

"చూడకుండా ఏం చెప్పను అత్తయ్యా? ఇటివ్వు."

"నోటితో చెప్పలేనిది చేత్తో ఏం చేస్తావు? చెప్పు."

సరే, చెప్పాను. కెమెరా అద్దం తుడవమన్నాను. స్పిరిట్ దూదితో పుండు తుడిచినంత శ్రద్ధగా తుడిచింది. అద్దం మీద కొట్లో అతికించిన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే పీకమన్నాను. పట్టకారు తెచ్చి పీకింది. ఫోను ఆపి మళ్ళీ పెట్టమన్నాను. మెమరీ కార్డు తీసి మళ్ళీ దోపమన్నాను. ఫోటోగా పంపితే నలిగిపోతుంది, ఫైలుగా పంపు అన్నాను. అన్నీ చేసి, టేబులు మీద స్కేలు పెట్టి ఫోటో తీసి, ఆ ఒక్క బొమ్మే నాకు దూరం నుంచి చూపించింది. టేబులు నున్నగా ఉంది. స్కేలు మీద గీతలు నీళ్ళు పడ్డ సిరాలాగా అలికేసినట్టున్నాయి.

"ఒక్క నిమిషం నా చేతికివ్వు. లోపల ఏదో సెట్టింగు తేడాగా ఉంది."

"అక్కర్లేదు."

"కాలు దుప్పట్లో దాచుకుని కట్టు కట్టమంటే నువ్వు కడతావా?" అని అరిచేశాను. ఆమె ఫోనుని ఇంకా గట్టిగా గుండెకి అదుముకుంది. నాకూ ఒళ్ళు మండి, చెప్పులేసుకుని వచ్చేశాను.

ఆమె దాస్తున్నదేమిటో నాకు తర్వాత తెలిసింది, ఆమె నోటినుంచే. అదిక్కడే చెబుతాను. ఫోను కొన్నరోజు కొట్లో అమ్మాయి, ఎలా వస్తుందో చూడండి ఆంటీ అని ఆమెని ఫోటో తీసింది. అత్తయ్య అలవాటుగా తల తిప్పుకునేలోపే తీసేసింది. తెరమీద ఎవరో ఒకావిడ ఉంది. బుగ్గలు నున్నగా, నుదురు సాఫుగా, కొంచెం కంగారుపడుతున్న కళ్ళతో బాగుంది.

"ఎవరమ్మా ఇది?" అంది అత్తయ్య.

"మీరే ఆంటీ! బ్యూటీ ఫుల్లుగా పెట్టేశా. ఇంక దేన్ని తీసినా అందంగానే వస్తుంది."

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుని అత్తయ్య తనని తను ఫోటో తీసుకుంది. మర్నాడూ తీసుకుంది. తల దువ్వుకుని ఒకటి, కళ్ళజోడు తీసి ఒకటి, నర్సు కోటుతో ఒకటి, మావయ్య కుర్చీలో కూచుని ఒకటి. ఎవరికీ చూపించలేదు. ఈ వయసులో ఇదేం పాడుబుద్ధి అని తనని తనే తిట్టుకుంటూ మళ్ళీ తీసుకుంది. ఆమె ఇది చెప్పినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చినందుకు ఏడుపొచ్చింది. ఆ పిచ్చిలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. ఆ తర్వాత జరిగిన దాని గురించి మాత్రం అలా అనలేను.

కుట్టు టీచరు పుండు అంచున చిన్న నీడ కనిపించింది. అత్తయ్య ఫోటో పంపి, ఫోను చేసి కూడా చెప్పింది, కొంచెం నల్లగా ఉన్నట్టుంది చూడండని. డాక్టరుగారు చూశాడు. స్కేలు సంగతి అలా ఉంచితే చర్మం బాగానే ఉంది సిస్టర్, ఫోను మాత్రం త్వరగా బాగుచేయించండి అన్నాడు. అత్తయ్యకి ప్రాణం లేచొచ్చింది. గదిలో వెలుతురు చాల్లేదేమో, నా కళ్ళకి పొర వస్తోందేమో అనుకుంది. రోజూ తన మొహం గురించి మంచిమాట చెబుతున్న ఫోను, వేలి గురించి చెబితే మాత్రం ఎందుకు నమ్మదు?

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి కుట్టు టీచరు హుషారుగా ఉంది. తనే కుట్టుకున్న కొత్త జాకెట్టు వేసుకుని మంచం మీద నిటారుగా కూచుంది.

"రోజూ నా కాలినే తీస్తావేం వదినా? ఇవాళ నా మొహం తియ్యి. జాకెట్టు మెడ కనబడాలి."

అత్తయ్య తీసింది. కుట్టు టీచరు కళ్ళజోడు సర్దుకుని చూసి పకపకా నవ్వింది. "నా పులిపిరి ఏది వదినా? ఎక్కడ దాచావు? అది లేకపోతే నా దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్ళు నన్ను గుర్తే పట్టరు!"

అత్తయ్య గబగబా కట్టు విప్పింది. కాలి దగ్గరికి వంగి చూసింది. నీడ కాదు, నలుపే. నిన్నటికంటే పాకింది. కాలిని ఫోటో తీసి చూసింది. అక్కడ గోధుమరంగు చర్మం నున్నగా, ఆరోగ్యంగా ఉంది. తన బుగ్గల మీది గుంటలు ఎలా మాయమయ్యాయో ఈ నలుపూ అలాగే మాయమైందని ఆమెకి ఆ క్షణాన తెలిసిపోయింది.

ఫోను చేతిలోనే ఉంది. ఫోటోని నమ్మకండి, కాలు నల్లబడుతోంది అని ఒక్కమాట చెబితే సరిపోయేది. కానీ ఫోటోకేమైంది అని ఆయన అడుగుతాడు. అద్దం తుడిచారా, సెట్టింగు చూశారా, ఫోను ఇలా తెండి అంటాడు. నన్ను పిలుస్తారు, నేను తెరుస్తాను, ఆ మొహాలన్నీ బయటపడతాయి. కట్ల సిస్టర్ ఈ వయసులో బ్యూటీ పెట్టుకుని ఫోటోలు దిగుతోందట అని నర్సింగ్ హోములో ఆయాలదాకా నవ్వుతారు. అది తలుచుకుంటేనే ఆమెకి తల కొట్టేసినట్టయింది. ముందు వాటిని తీసేయాలి, తీసేసి ఫోను బాగుచేయించి సాయంత్రానికి మంచి ఫోటో పంపుతాను, ఒక్క పూటలో ఏం మునిగిపోతుంది అనుకుంది. పుండు విషయంలో ఒక పూట అంటే ఏమిటో ఆమెకి తెలియక కాదు. కొత్తగా చేరిన నర్సులకి ఆ పాఠం చెప్పేదే ఆమె.

"ఫోను బాగుచేయించుకుని సాయంత్రం మళ్ళీ వస్తా" అని కుట్టు టీచరుతో చెప్పి, కట్టు కట్టేసి, ఇంటికొచ్చి తలుపేసుకుంది.

అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని తీసేయొచ్చని ఆమెకి తెలియదు. చుట్టాలందరికీ నేర్పాను గానీ, ఫోను ఎవరికీ ఇవ్వని మనిషికి ఎలా నేర్పను? ఒక్కొక్కటే తెరిచి, చూసి, తీసేసింది. చూడకుండా తీసేయడానికి చెయ్యి రాలేదట. మావయ్య కుర్చీలో దిగిన ఫోటో దగ్గర చాలాసేపు ఆగిపోయిందట. అన్నం తినలేదు. అన్నీ అయిపోయేసరికి ఎండ గోడ దాటిపోయింది. అప్పుడు నాకు ఫోను చేసింది.

నేను వెళ్ళగానే తనంతట తానే ఫోను నా చేతిలో పెట్టింది. నేను ఆశ్చర్యపోయాను కూడా. లోపల కాళ్ళ ఫోటోలు తప్ప ఏమీ లేవు. కెమెరా తెరిచి చూస్తే అందం పెంచే గీత పైకంటా లాగి ఉంది. దాన్ని సున్నాకి లాగి, స్కేలు ఫోటో తీశాను. ప్రతి గీతా సూదితో గీసినట్టు వచ్చింది.

"ఇది ఎవరు పెట్టారు?"

"కొట్లో అమ్మాయి."

"ఉందని నీకు తెలీదా?"

"తెలీదు" అంది అత్తయ్య. అలా అంటూ కొంగు కోసం వెతుక్కుంది. కొంగు భుజం మీదే ఉంది.

ఇద్దరం కుట్టు టీచరు ఇంటికి వెళ్ళాం. ఆమె దుప్పటి కప్పుకుని వణుకుతోంది. నుదురు కాలిపోతోంది. అత్తయ్య కట్టు విప్పి, స్కేలు పెట్టి ఫోటో తీసింది. గీతలన్నీ కనబడ్డాయి, నలుపు ఎన్ని గీతల మేర పాకిందో కూడా కనబడింది. పంపిన మరుక్షణం డాక్టరుగారు ఫోను చేశాడు. "వెంటనే తీసుకురండి. కాలు కింద పెట్టనివ్వద్దు." పక్కింటివాళ్ళ సాయంతో కుర్చీలో కూచోబెట్టి మెట్లు దించాం. దించుతున్నంతసేపూ అత్తయ్య ఆ కాలిని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

బొటనవేలు తీసేశారు.

డాక్టరుగారు అత్తయ్యని ఏమీ అనలేదు. "పొద్దునే వచ్చి ఉంటే దక్కేదేమో, దక్కకపోయేదేమో, చెప్పలేం సిస్టర్. ఫోను మోసం చేసింది, మీరేం చేస్తారు?" అన్నాడు. అందరూ అదే మాట అన్నారు. నేనైతే నలుగురికీ వినబడేలా కొట్లో అమ్మాయిని దుమ్మెత్తిపోశాను. ఫోనుదే తప్పు అని ఎవరన్నప్పుడల్లా అత్తయ్య తల ఇంకొంచెం కిందికి దిగేది. పాపం, బాధపడుతోంది అనుకున్నాను. ఆపరేషను తర్వాత కుట్టు టీచరు కట్టు మార్చే పని, నడుం నొప్పి అని చెప్పి ఇంకో నర్సుకి అప్పగించింది. ఆవిడ ఉన్న వార్డు ముందునుంచి వెళ్ళాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్ళేది.

ఒక మధ్యాహ్నం నన్ను నర్సింగ్ హోములో మంచినీళ్ళ కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడి, మొదటినుంచీ అంతా చెప్పేసింది. నా నోట వచ్చిన మాట అంత గొప్పది కాదు.

"ఎవరికీ చెప్పకు అత్తయ్యా. డాక్టరుగారే చెప్పలేం అన్నాడు కదా. నాక్కూడా చెప్పలేదనుకో."

"నాకు మొహం చెల్లడం లేదే. ఎప్పుడైనా కంటబడితే ఆవిడ నన్ను చూసి నవ్వుతోంది. పైగా నడుం నొప్పి తగ్గిందా వదినా అని అడుగుతోంది. పోయింది ఆవిడ కాలివేలు. ఎలా పోయిందో ఆవిడకి తెలియొద్దూ?" అని, మొహం కడుక్కుని వార్డులోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. ఆపుదామనే వెళ్ళాను.

కుట్టు టీచరు దిండుకి ఆనుకుని ఉంది. కాలు కట్టుతో ఎత్తుగా పెట్టి ఉంది. అత్తయ్య కూచోలేదు.

"వదినా, నాకు ఆ పొద్దున్నే తెలుసు."

"ఏం తెలుసు?"

"నీ పులిపిరి కనపడనప్పుడే తెలిసింది. కాలు నల్లబడిందని కళ్ళారా చూశా. డాక్టరుకి చెప్పలేదు."

కుట్టు టీచరు మొహంలో నవ్వు పూర్తిగా పోలేదింకా. "చెప్పకుండా? సాయంత్రందాకా మరేం చేశావు?"

అత్తయ్య మంచం కమ్మీ పట్టుకుని, "నా ఫోటోలు తీసేసుకుంటూ కూచున్నా" అంది. కుట్టు టీచరుకి అర్థం కాలేదు. అత్తయ్య చెయ్యి తన బుగ్గ మీదికి వెళ్ళింది. "నున్నగా వస్తుంటే తీసుకున్నా వదినా. ఎవరైనా చూస్తే నవ్వుతారని ముందు అవి తీసేశా."

ఇప్పుడు అర్థమైంది. కుట్టు టీచరు తన కాలివైపు చూసింది, తర్వాత అత్తయ్య మొహంవైపు చూసింది. అంత తేరిపార ఆ మొహాన్ని ఎవరూ చూడగా నేనెరగను.

"చూపించు."

"లేవు. అన్నీ తీసేశా."

"ఒక్కటీ ఉంచుకోలేదూ?"

"లేదు."

"దరిద్రపుదానా! నా వేలూ పోయింది, అవీ పోయాయి. ఎవరికి పనికొచ్చిందే ఆ పూటంతా?" అని అరిచి, మొహం గోడకి తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. పక్క మంచాలవాళ్ళు లేచి చూశారు. అత్తయ్య కదల్లేదు. భూమిలోకి కుంగిపోతున్న మనిషిలా ఉంది గానీ, అక్కడినుంచి పోలేదు.

కట్టు మార్చే నర్సు ట్రే పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. కుట్టు టీచరు గోడవైపు నుంచి తిరగకుండానే అంది:

"ఆ ట్రే అక్కడ పెట్టి వెళ్ళమ్మా. ఆవిడ కడుతుంది."

"నా చేతులు రావు వదినా" అంది అత్తయ్య.

"రావాలి. నేను నిన్ను క్షమించానని అనుకోకు. రోజూ నువ్వే విప్పాలి, నువ్వే కడగాలి, నీ కళ్ళతో నువ్వే చూడాలి. చూసి నాకు చెప్పాలి. నా కాలి అడుగు నాకు కనబడదుగా."

అత్తయ్య చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుంది. కట్టు చివర ఎక్కడుందో దొరకడానికే ఆమెకి కాసేపు పట్టింది. చివరి మడత తీసి, వేలు ఉండాల్సిన చోటుని చూసి కళ్ళు మూసుకుంది.

"కుట్లు ఎలా ఉన్నాయి?" కుట్టు టీచరు గొంతు ఇంకా తడిగా ఉంది.

అత్తయ్య కళ్ళు తెరిచింది. "బాగానే ఉన్నాయి."

"బాగానే అంటే వినను. సరిగ్గా చెప్పు."

"దగ్గరదగ్గరగా ఉన్నాయి. బయటివైపు ఒకటి కొంచెం ఎర్రగా ఉంది."

"ఎంత ఎర్రగా?"

అత్తయ్య కన్నీళ్ళు భుజానికి తుడుచుకుని, కాలిమీదికి ఇంకా వంగి, కనబడింది కనబడినట్టు చెప్పడం మొదలుపెట్టింది.